వైరల్ లోడ్ మళ్లీ కనబడింది, అంటే మందులకి రెజిస్టెన్స్ వచ్చేసినట్టేనా?

వానచినుకు:

అందరికీ నమస్తే. మా అన్నయ్య గురించి అడుగుతున్నాను. తనకి హెచ్‌ఐవీ అని తెలిసి చాలా ఏళ్లయింది. మొదట్లో ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర వాడాడు, తర్వాత టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన మాత్రకి మార్చారు. ఇన్నాళ్లూ ప్రతి రిపోర్టులోనూ వైరస్ కనబడలేదనే వచ్చింది. ఈసారి వైరల్ లోడ్, అంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఉన్న వైరస్ లెక్క, 2,400 కాపీలు అని వచ్చింది. డాక్టర్ గారేమో మాత్రలు మానొద్దు, మూడు నెలల తర్వాత మళ్లీ వైరల్ లోడ్ చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే రెజిస్టెన్స్ టెస్టు చేయిద్దాం అన్నారు. ఆయన మామూలుగానే చెప్పారు కానీ అన్నయ్య మాత్రం ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ సరిగ్గా తినట్లేదు, ఇక నాకు ఏ మందూ పనిచేయదు అంటున్నాడు.

పైగా తెలిసినవాళ్లు ఒకరు, కొన్నాళ్లు మందులు ఆపేస్తే వైరస్ ఆ మందుని మర్చిపోతుంది, మళ్లీ మొదలుపెడితే బాగా పట్టుకుంటుంది అని చెప్పారట. అది విన్నప్పటినుంచీ నాకు ఒకటే టెన్షన్, నిజంగానే ఆపేస్తాడేమోనని. నాకు తెలిసి తను మాత్రలు మానలేదు, రోజూ రాత్రి వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. మరి రోజూ వేసుకుంటున్నా రెజిస్టెన్స్ ఎలా వస్తుంది? మూడు నెలలు ఆగడం ప్రమాదం కాదా, ఇప్పుడే వేరే మందుకి మార్చమని అడగాలా? మా వదినకి నెగెటివ్, తన గురించి కూడా భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పరీక్షనాళిక:

నేను వైరాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. టెస్టు వైపు నుంచి నాకు తెలిసింది చెప్తాను, చికిత్స విషయంలో మాత్రం ఆయన డాక్టర్ మాటే వినండి.

ముందుగా, మందులు ఆపే ఆలోచన ఎవరు చెప్పినా వినొద్దని అన్నయ్యకి ఇవాళే గట్టిగా చెప్పండి. వైరస్ మందుని మర్చిపోవడం అనేది లేదు. నిజంగా జరిగేది ఏంటంటే, మందు ఆపితే ఆ మందుకి లొంగని రకం వైరస్ వెనక్కి తగ్గి, మామూలు రకం మళ్లీ రక్తం నిండా పెరుగుతుంది, ఎందుకంటే మందు లేనప్పుడు మామూలు రకానికే బలం ఎక్కువ. అప్పుడు టెస్టు చేస్తే రెజిస్టెన్స్ ఏమీ లేనట్టే కనబడుతుంది. కానీ ఆ లొంగని రకం జన్యువు నిద్రాణంగా ఉన్న సీడీ4 కణాల (వైరస్ సోకే రోగనిరోధక కణాలు) లోపల దాక్కునే ఉంటుంది, అదే మందు మళ్లీ మొదలుపెట్టగానే పైకి వస్తుంది. అంటే మర్చిపోవడం జరగదు సరికదా, మాకు టెస్టులో దొరికే అవకాశం కూడా పోతుంది. అందుకే ఈ టెస్టుకి రక్తం మందులు వాడుతుండగానే ఇవ్వాలి, ఒకవేళ ఆగిపోయి ఉంటే నాలుగు వారాల లోపైనా ఇవ్వాలి.

ఇక రెజిస్టెన్స్ అంటే ఏంటి. చాలామంది ఒంటికి మందు అలవాటైపోయి పనిచేయడం మానేసింది అనుకుంటారు. మారేది ఒళ్లు కాదు, వైరస్. హెచ్‌ఐవీ జన్యువులో సుమారు 9,700 అక్షరాలుంటాయి. దాన్ని కాపీ తీసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్‌కి తను చేసిన తప్పుని వెనక్కి చూసి దిద్దుకునే శక్తి లేదు. మందు వాడని మనిషి ఒంట్లో రోజుకి వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు తయారవుతాయని లెక్క. అన్ని కాపీల్లో ఏ అక్షరం దగ్గర తప్పు పడాలన్నా ఆ రోజే ఎక్కడో ఒకచోట పడిపోతుంది. ఎక్కువ తప్పులు వైరస్‌కే నష్టం. ఒకటీ అరా మాత్రం మందు నుంచి తప్పించుకునేవి అవుతాయి.

ఉదాహరణకి ఎం184వి అనే మార్పు చూడండి. ఆ ఎంజైమ్‌లో 184వ స్థానంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి, దాని బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది, అంతే. ఆ ఒక్క మార్పుతో లామివుడిన్‌కి అక్కడ చోటు సరిపోక పట్టు దొరకదు. విచిత్రం ఏంటంటే ఆ మార్పు వచ్చిన వైరస్ కాస్త నీరసపడుతుంది, టెనోఫోవిర్‌కి మామూలు కన్నా ఎక్కువ లొంగుతుంది కూడా. అందుకే రిపోర్టులో ఎం184వి అని వచ్చినా చాలాసార్లు డాక్టర్లు లామివుడిన్‌ని కావాలనే కొనసాగిస్తారు. పనిచేయని మందు ఎందుకు ఇస్తున్నారని పేషెంట్లు అడుగుతుంటారు, కారణం ఇదే.

మూడు మందులు కలిపి ఇవ్వడం కూడా ఇందుకే. 1987లో జిడోవుడిన్ వచ్చినప్పుడు అదొక్కటే ఇచ్చేవాళ్లు, 1989కల్లా దానికి లొంగని వైరస్‌లు దొరికాయి. 1996 నుంచి మూడు మందుల కలయిక మామూలైంది. ఒకే వైరస్ ఒకేసారి మూడింటినీ తప్పించుకోవాలంటే చాలా మార్పులు కలిసిరావాలి, వైరస్ కాపీలే తీసుకోలేనప్పుడు ఆ అవకాశం దాదాపు ఉండదు. ప్రమాదం మధ్యస్థితిలో ఉంది. మందు ఒంట్లో ఉంటుంది, కానీ వైరస్‌ని పూర్తిగా ఆపేంత ఉండదు. రెజిస్టెన్స్ ఎక్కువగా పుట్టేది అక్కడే. కాబట్టి రోజూ మాత్ర వేసుకుంటున్నాడా అనే ప్రశ్న ఒక్కటే సరిపోదు, వేసుకున్న మాత్ర రక్తంలోకి చేరుతోందా అని కూడా చూడాలి.

కొత్తచివురు:

నా సలహా అయితే ఆలస్యం చేయకుండా కొత్త మందులకి మారిపోవడమే. ఇప్పుడు ఇంజెక్షన్లు కూడా వచ్చాయి, రెండు నెలలకి ఒకసారి వేయించుకుంటే చాలు, రోజూ మాత్రల గోల ఉండదు. మూడు నెలలు చూస్తూ కూర్చుంటే వైరస్ ఇంకా పెరిగిపోదూ?

నడిచేదారి:

కొత్తచివురు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు కానీ ఇక్కడ ఆ తొందర పనికిరాదండి. మీరు చెప్పేది కాబొటెగ్రావిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లు అనుకుంటాను. అవి ప్రధానంగా వైరస్ ఇప్పటికే అదుపులో ఉన్నవాళ్ల కోసం. కాబొటెగ్రావిర్ కూడా డోలుటెగ్రావిర్ జాతిదే, ఇద్దరూ ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్‌నే పట్టుకుంటారు. ఒకవేళ వాళ్ల అన్నయ్యకి నిజంగానే డోలుటెగ్రావిర్‌కి రెజిస్టెన్స్ వచ్చి ఉంటే ఆ ఇంజెక్షన్ కూడా దెబ్బతింటుంది. రిల్పివిరినేమో ఎఫావిరెంజ్ వర్గానిది, పాత ఎఫావిరెంజ్ రోజుల్లో ఏవైనా మార్పులు మిగిలి ఉంటే దానికీ ఇబ్బందే. తెలియకుండా మారడం అంటే చేతిలో ఉన్న మందుల్ని ఒక్కొక్కటిగా ఖర్చు చేసుకోవడం.

వానచినుకు గారూ, నేను ఈ మందులు చాలా ఏళ్లుగా వాడుతున్నాను, సెకండ్ లైన్ దాకా, అంటే మొదటి మందులు విఫలమయ్యాక ఇచ్చే మందుల దాకా వెళ్లి వచ్చినవాడిని. అప్పట్లో నేను మందులు తీసుకునే చోట సరఫరా ఆగిపోయింది, కొన్ని వారాలు మాత్రలే లేవు. నాది కూడా ఎఫావిరెంజ్ ఉన్న మాత్రే. అది రక్తంలో సగానికి తగ్గాలంటేనే 40 నుంచి 55 గంటలు పడుతుంది, మిగతావి అంతకంటే ముందే పల్చబడతాయి. అంటే మూడూ ఒకే రోజు ఆగినా చివర్లో కొన్నాళ్లు ఎఫావిరెంజ్ ఒక్కటే మిగిలి వైరస్‌తో తలపడుతుంది. దాన్ని ఓడించడానికి వైరస్‌కి కే103ఎన్ అనే ఒకే ఒక్క మార్పు చాలు. నా రిపోర్టులో వచ్చింది సరిగ్గా అదే, దాంతో పాటు ఎం184వి కూడా. కే103ఎన్ అనే ఆ ఒక్క మార్పుతో ఎఫావిరెంజ్, అదే వర్గానికి చెందిన నెవిరాపిన్ రెండూ పోయాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది, మందు అందించాల్సినవాళ్లు అందించకపోతే దాని ఫలితం మా ఒంట్లో శాశ్వతంగా ఉండిపోయింది.

కానీ మీ అన్నయ్యకి చెప్పండి, రెజిస్టెన్స్ అనే మాట వినగానే అంతా అయిపోయింది అని నేను కూడా అనుకున్నాను, ఏమీ అయిపోలేదు. ప్రొటియేజ్ అనే ఇంకో వైరస్ ఎంజైమ్‌ని ఆపే అటాజనావిర్, దానికి తోడు రిటోనావిర్ ఇచ్చారు, వైరల్ లోడ్ మళ్లీ పడిపోయింది. మొదట్లో కళ్లు పచ్చగా కనబడేవి, అది అటాజనావిర్ వల్ల బిలిరుబిన్ పెరగడమే, లివర్ పాడైపోవడం కాదని చెప్పాక ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం, ఇల్లు, అన్నీ మామూలే.

ఇంకొకటి. ఉగాండా, కెన్యా, జింబాబ్వేల్లో నాడియా అనే ట్రయల్ చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. ఎఫావిరెంజ్ లాంటి మందులున్న మొదటి చికిత్స విఫలమైనవాళ్లనే తీసుకున్నారు, అందులో చాలామందికి టెనోఫోవిర్‌ని దెబ్బతీసే కే65ఆర్ మార్పు కూడా ఉంది. అయినా టెనోఫోవిర్‌నే కొనసాగిస్తూ డోలుటెగ్రావిర్ కలిపితే దాదాపు 90 శాతం మందిలో వైరస్ అదుపులోకి వచ్చింది. అంత గట్టి మందు అది. దాన్ని భయంతో వదిలేసుకోవద్దు.

మాత్రలడబ్బా:

ఫార్మసిస్ట్‌ని. పైన పరీక్షనాళిక గారు రాసిన ఆఖరి మాట దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే నా అనుమానం కూడా అక్కడే. మీ అన్నయ్య ఈ మధ్య వేరే ఏమైనా మాత్రలు, సిరప్‌లు, పొడులు మొదలుపెట్టాడా? కాల్షియం, ఐరన్, మల్టీవిటమిన్, ఎసిడిటీ మందు, ఫిట్స్ మాత్రలు, టీబీ మందులు, ఏదైనా సరే. చాలామంది ఇవి మందులే కాదన్నట్టు చెప్పరు, డాక్టర్ అడిగినా ఏమీ వాడట్లేదు అనేస్తారు.

వానచినుకు:

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు అడిగాక వెళ్లి తన అల్మారా చూశాను. కడుపులో మంట అని కొన్ని నెలలుగా రాత్రి భోజనం అయ్యాక ఎసిడిటీ సిరప్ తాగుతున్నాడు, సీసా మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని ఉంది. దాని వెంటనే ఆ గ్లాసు నీళ్లతోనే హెచ్‌ఐవీ మాత్ర వేసుకుంటాడట. మోకాళ్ల నొప్పులకి ఎవరో చెబితే కాల్షియం కూడా వేసుకుంటున్నాడు, అది పొద్దున. టీబీ మందులు, ఫిట్స్ మాత్రలు ఏమీ లేవు. డాక్టర్ గారికి ఇవేవీ చెప్పలేదట. దీనివల్లే అంటారా?

మాత్రలడబ్బా:

దీనివల్లే అని ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పలేనండి, కానీ ఇది చాలా ముఖ్యమైన విషయం, రేపే డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పండి, మూడు నెలలు ఆగొద్దు.

ఎందుకో చెప్తాను. వైరస్ తన జన్యువుని మన కణంలోని డీఎన్‌ఏలో అతికించడానికి ఇంటిగ్రేజ్‌ని వాడుకుంటుంది. ఆ ఎంజైమ్ పనిచేసే చోట రెండు మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. డోలుటెగ్రావిర్ వెళ్లి ఆ రెంటినీ గట్టిగా పట్టుకుంటుంది, దాంతో ఎంజైమ్ ఆగిపోతుంది. మందు బలం అంతా ఆ పట్టులోనే ఉంది. కానీ కడుపులోనే మెగ్నీషియం, అల్యూమినియం కుప్పగా ఎదురైతే వాటినే పట్టుకుని కూర్చుంటుంది, అలా ముద్దైపోయిన మందు పేగు నుంచి రక్తంలోకి సరిగ్గా వెళ్లదు. మాత్ర మింగడం మీరు కళ్లారా చూశారు, అది నిజమే, కానీ అందులో చాలా భాగం రక్తానికి చేరకుండానే బయటికి పోయి ఉండొచ్చు. ఆపైన డోలుటెగ్రావిర్ తగ్గితే మిగతా రెండే భారం మోయాలి, పైన చెప్పిన మధ్యస్థితి అదే.

నియమం ఇది: అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న ఎసిడిటీ మందు తాగితే, డోలుటెగ్రావిర్ దానికి కనీసం 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. కాల్షియం, ఐరన్‌కి కూడా అదే లెక్క, కాకపోతే అవి భోజనంతో కలిపి అయితే డోలుటెగ్రావిర్‌తో ఒకేసారి వేసుకోవచ్చు. ఎసిడిటీ సిరప్‌కి ఆ వెసులుబాటు లేదు. మీ అన్నయ్య కాల్షియం పొద్దున, మాత్ర రాత్రి కాబట్టి దాంతో సమస్య ఉండకూడదు. కడుపులో మంట నిజంగానే ఎక్కువగా ఉంటే ఒమెప్రజోల్ లాంటివి డోలుటెగ్రావిర్‌కి అడ్డు రావు, డాక్టర్ని అడిగి మార్చుకోవచ్చు. కానీ ఈ మాట డోలుటెగ్రావిర్‌కే సరిపోతుంది, చదివే మిగతావాళ్లు గమనించండి, రిల్పివిరిన్ మాత్ర వాడేవాళ్లు ఒమెప్రజోల్ అసలు వాడకూడదు, అటాజనావిర్ వాడేవాళ్లకీ అది ఇబ్బందే.

టీబీ మందుల గురించి అడిగింది రిఫాంపిసిన్ కోసం. అది లివర్‌ని రెచ్చగొట్టి డోలుటెగ్రావిర్‌ని త్వరగా కరిగించేస్తుంది, అందుకే టీబీ చికిత్స నడుస్తున్నంతకాలం 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్‌ని రోజుకి రెండుసార్లు ఇస్తారు. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ కూడా ఇలాంటిదే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి కథ తిరగబడుతుంది, అక్కడ డోలుటెగ్రావిరే రక్తంలో మెట్‌ఫార్మిన్‌ని పెంచేస్తుంది, కాబట్టి డాక్టర్ దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

నడిచేదారి:

చూశారా, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం అని డాక్టర్ ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైంది కదా. అది ఊరికే ఆగడం కాదు, ఇలాంటి కారణాలు వెతికి సరిచేసి, ఆ తర్వాత కూడా వైరస్ తగ్గుతుందా లేదా అని చూడడం. డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శకాల్లో కూడా డోలుటెగ్రావిర్ వాడేవాళ్లకి 1,000 కాపీలు దాటితే ముందు కౌన్సెలింగ్, మూడు నెలలకి మళ్లీ టెస్టు, అప్పుడూ 1,000 దాటితేనే చికిత్స విఫలమైనట్టు లెక్క. ఎఫావిరెంజ్ వాడేవాళ్లకైతే ఒక్కసారి దాటినా మార్చేయమనే అంటారు, ఎందుకంటే అక్కడ రెజిస్టెన్స్ వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. డోలుటెగ్రావిర్‌ని దెబ్బతీయడం వైరస్‌కి అంత సులువు కాదు.

అలాగని అసలు రాదని ధీమాగా ఉండొద్దు. డబ్ల్యూహెచ్‌ఓ 2024 నివేదికలో నాలుగు సర్వేల లెక్కలు ఇచ్చారు, డోలుటెగ్రావిర్‌కి రెజిస్టెన్స్ 3.9 నుంచి 8.6 శాతం మధ్య కనబడింది, వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగానే ఈ మందుకి మారినవాళ్లలో 19.6 శాతం దాకా వెళ్లింది. మీ అన్నయ్య మారేటప్పుడు వైరస్ అదుపులోనే ఉందన్నారు కాబట్టి ఆ గుంపులోకి రాడు. అది మంచి విషయం.

దీపపువెలుగు:

నేను కౌన్సెలర్‌గా పనిచేస్తాను. అందరూ మందుల గురించి చెప్పారు, వదిన గారి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను చెప్తాను. వైరస్ టెస్టుకి అందనంత తక్కువగా ఉన్నన్నాళ్లూ శృంగారం ద్వారా అది భాగస్వామికి సోకదు, ఇందులో అనుమానం లేదు. ఇప్పుడు 2,400 ఉంది కాబట్టి మళ్లీ పడిపోయిందని రిపోర్టు వచ్చేదాకా కండోమ్ తప్పనిసరిగా వాడమనండి. గత కొన్ని నెలల్లో వాడకపోయి ఉంటే వదిన గారు ఇప్పుడొకసారి టెస్టు చేయించుకోవాలి, నెగెటివ్ వచ్చినా డాక్టర్ చెప్పిన గడువు తర్వాత మళ్లీ ఒకసారి. సోకకుండా ముందే వాడే ప్రెప్ మందు గురించి కూడా అడగండి, అన్నయ్య మందుల వివరాలు వాళ్లకి చెప్పండి, ఎందుకంటే రెజిస్టెన్స్ ఉన్న వైరస్ సోకితే అవతలి మనిషికి ఆ రెజిస్టెన్స్‌తో సహా సోకుతుంది. ఒక్క మాత్ర కూడా ఎప్పుడూ వాడనివాళ్లలో రెజిస్టెన్స్ కనబడేది ఇలాగే. డబ్ల్యూహెచ్‌ఓ 2021 నివేదికలో సర్వే చేసిన 30 దేశాల్లో 21 చోట్ల, కొత్తగా చికిత్స మొదలుపెట్టేవాళ్లలో 10 శాతం కన్నా ఎక్కువమందికి ఎఫావిరెంజ్ వర్గానికి ముందే రెజిస్టెన్స్ ఉంది. అందరికీ మొదటి మందుగా డోలుటెగ్రావిర్‌ని తేవడానికి ఒక ముఖ్య కారణం అదే.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు దయచేసి ఎందుకు చెప్పలేదు, ఆ సిరప్ ఎందుకు తాగావు అని నిలదీయకండి. ఇలా అడిగితే తర్వాత నుంచి ఏదీ చెప్పరు, మా దగ్గర ఇది మళ్లీ మళ్లీ చూస్తుంటాం. ఆయన అన్ని సంవత్సరాలు రోజూ మాత్ర వేసుకున్నారు, అది చిన్న విషయం కాదు. తిండి మానేశారన్నారు, అది ముందు చూడండి.

వానచినుకు:

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. సిరప్ వెంటనే ఆపమన్నారు, వేరే మాత్ర రాసిచ్చారు, డోలుటెగ్రావిర్ మాత్ర మాత్రం అదే టైమ్‌కి మానకుండా వేసుకోమన్నారు. వదిన వచ్చే వారం టెస్టుకి వెళ్తుంది. అన్నయ్యకి ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించాను, నడిచేదారి గారు రాసింది రెండుసార్లు చదివించుకున్నాడు. చివరిగా ఒకటే సందేహం, మూడు నెలల తర్వాత కూడా ఎక్కువే ఉంటే రెజిస్టెన్స్ టెస్టుకి మేం ఏం గుర్తుపెట్టుకోవాలి?

పరీక్షనాళిక:

మంచి పని చేశారు. టెస్టు దాకా వెళ్లాల్సి వస్తే మూడు విషయాలు చూసుకోండి. మామూలుగా వైరల్ లోడ్ 1,000 దగ్గరో అంతకన్నా ఎక్కువో ఉంటేనే జన్యువు చదవడానికి సరిపడా వైరస్ దొరుకుతుంది, కొన్ని ల్యాబ్‌లు 500కి కూడా చేస్తాయి. కాబట్టి 300 వచ్చి, టెస్టు కుదరదు అంటే నిర్లక్ష్యం చేస్తున్నారనుకోకండి, అప్పుడు మళ్లీ కొన్నాళ్లకి వైరల్ లోడ్ చూస్తారు. రెండోది, ఇప్పటిదాకా వాడిన మందులన్నిటి పేర్లూ, ఎఫావిరెంజ్‌తో సహా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అనేది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి, రిపోర్టులో పాత మార్పులు కనబడకపోయినా డాక్టర్‌కి ఆ చరిత్ర అవసరం.

మూడోది చాలామందికి తెలియదు. చాలా ల్యాబ్‌లలో మామూలు జీనోటైప్ టెస్టు (వైరస్ జన్యువుని చదివే రెజిస్టెన్స్ టెస్టు) అంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ప్రొటియేజ్ భాగాలే చదువుతారు, ఇంటిగ్రేజ్ భాగం విడిగా అడగాలి. మీ అన్నయ్య వాడేది డోలుటెగ్రావిర్ కాబట్టి అసలు చూడాల్సింది అదే. రిక్వెస్ట్ ఫారంలో ఇంటిగ్రేజ్ అని రాశారో లేదో రక్తం ఇచ్చేముందే చూసుకోండి, ఆ రోజు కూడా మాత్ర మానకూడదు.